ఇంటిపేరు మారిన కారు

పెళ్ళయిన కొత్తలో, మారిన ఇంటిపేరుతో సంతకం అలవాటు చేసుకోవడానికి పాత నోటుబుక్కు వెనక పేజీలన్నీ నింపినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. నేనూ నింపాను. అయినా బ్యాంకులో పాత సంతకమే పెట్టేసి నాలిక కరుచుకున్నాను. ఈ తిప్పలు ఆడపిల్లకే అనుకునేదాన్ని. కారుకీ ఉంటాయని 2019లో తెలిసింది.

అప్పటికి బర్మింగ్‌హామ్‌లో మా కాపురం తొమ్మిదేళ్ళది. 2014 సెప్టెంబరులో కొన్న ఎర్ర టయోటా యారిస్ మా ఇంట్లో మూడో మనిషి. మా అమ్మాయి నాలుగో మనిషి, ఎందుకంటే అది తరవాతి సంవత్సరం పుట్టింది. నేను పురిటికి ఆస్పత్రికి వెళ్ళిందీ, పిల్లతో ఇంటికి వచ్చిందీ ఆ కారులోనే. రెండుసార్లు తప్పి మూడోసారి డ్రైవింగు పరీక్ష గట్టెక్కిందీ దాంతోనే. కాబట్టి మావారికి డబ్లిన్‌లో ఉద్యోగం వచ్చి, "సోఫాలు అమ్మేద్దాం, కారూ అమ్మేద్దాం, అక్కడ ఇంకోటి కొనుక్కుందాం" అన్నప్పుడు, సోఫాల సంగతి నేను పట్టించుకోలేదు గానీ, కారు దగ్గర మాత్రం మొండికేశాను.

తీరా మొదలుపెట్టాక తెలిసింది, మనుషులు కాపురం మారడం తేలిక, కారుని కాపురానికి తీసుకెళ్ళడం కష్టమని. ఐర్లండులో బయటినుంచి తెచ్చిన కారుని రిజిస్టరు చేయించాలంటే వి.ఆర్.టి. అని ఒక పన్ను కట్టాలి. ఆ కారు అక్కడి బజారులో ఎంత పలుకుతుందో వాళ్ళే లెక్కగట్టి, అది వదిలే పొగను బట్టి ఇంత శాతం అని వేస్తారు. అయితే మూటాముల్లె సర్దుకుని కాపురం మొత్తం తరలించేవాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది. కారు అంతకుముందు కనీసం ఆరు నెలలుగా మన సొంతమై, మన వాడకంలో ఉండాలి. మనం మారిన పన్నెండు నెలల్లోగా తెచ్చుకోవాలి. రిజిస్టరయ్యాక మరో పన్నెండు నెలలు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. ఇవన్నీ ఒప్పుకుంటే పన్ను మాఫీ.

ఒప్పుకోవడానికేం భాగ్యం! రుజువులు కావాలన్నారు. కారు కొన్న రసీదు, పాత ఊళ్ళో ఉన్నామనడానికి కరెంటు బిల్లులు, పాత బీమా కాగితాలు, కొత్త ఊరికి వచ్చామనడానికి ఉద్యోగం ఉత్తరం. మావారు తల పట్టుకున్నారు. నేను వంటింటి అలమర మీంచి నీలం బిస్కట్ల డబ్బా దించాను. తొమ్మిదేళ్ళ బిల్లులూ అందులో ఉన్నాయి. "ఈ చెత్తంతా ఎందుకు దాస్తావ్" అని ఏడాదికోసారి సణిగిన మనిషి, ఆ రోజు ఆ డబ్బా ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

బ్రిటన్ రిజిస్ట్రేషన్ కాగితంలో ఒక ముక్క చింపి, కారు శాశ్వతంగా దేశం దాటుతోందని రాసి స్వాన్సీలోని ఆఫీసుకి పంపాం. సెప్టెంబరు చివర హోలీహెడ్ దగ్గర ఓడెక్కాం. మూడుంపావు గంటల ప్రయాణం. కారు కింది అంతస్తులో, మేము పైన. "దానికి భయం వెయ్యదా అమ్మా?" అని మా అమ్మాయి దారి పొడుగునా అడుగుతూనే ఉంది.

దిగిన ఏడు రోజుల్లోగా పరీక్షకు రోజు ఖాయం చేసుకోవాలి, ముప్ఫై రోజుల్లోగా రిజిస్ట్రేషన్ పూర్తవ్వాలి. పరీక్ష చేసే కేంద్రంలో ఒకాయన కారు చుట్టూ తిరిగాడు. రంగు చూశాడు, ఎన్ని మైళ్ళు తిరిగిందో చూశాడు, చివరికి వంగి ఛాసీ నంబరు చదువుకున్నాడు. పదిహేడు అక్షరాలూ అంకెలూ. నంబరు ప్లేటు ఎన్నిసార్లు మారినా ఆ పదిహేడూ మారవుట. పుట్టుమచ్చ లాంటివన్నమాట. పెళ్ళిచూపుల్లో మా పెద్దత్తగారు కూడా ఇలాగే నన్ను ఎగాదిగా చూశారు గానీ, ఈయన అంతకంటే మర్యాదగానే చూశాడు.

కొత్త ఇంటిపేరు వచ్చింది. బ్రిటన్‌లో మా కారు నంబరులో 64 ఉండేది. అక్కడ సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అమ్మే కార్లకి ఏడాది అంకెకు యాభై కలుపుతారు, అందుకని పద్నాలుగు కాస్తా అరవైనాలుగైంది. ఐర్లండులో అదే కారు 142 అయింది, అంటే 2014 రెండో సగం. పక్కన డబ్లిన్‌కి డి. పైన చిన్న అక్షరాలతో ఆ ఊరి పేరు ఐరిష్ భాషలో, బల్యా ఆహా క్లియా అని. ఈ సగాల లెక్క 2013లో వచ్చిందిట. పదమూడు అంకె ఉన్న కారు అపశకునమని జనం కొనరేమోనన్న భయం కూడా అందుకు ఒక కారణం. అందుకే 13 బదులు 131, 132 అని వేశారు. ఫోనులో మా అమ్మకి చెబితే, "చూశావా, శకునాలు మనకే అని వేళాకోళం చేసేదానివి!" అని మురిసిపోయింది. మూడు రోజుల్లో కొత్త ప్లేటు బిగించాలి. బిగించి, కుంకుమబొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాం.

ఇంతవరకూ నవ్వులాటే. నాకు నవ్వు ఆగిపోయింది బీమా దగ్గర.

వచ్చిన వారంలోనే బీమా కంపెనీకి ఫోను చేశాం. పాత నంబరు మీదే పాలసీ ఇస్తాం, ముప్ఫై రోజుల్లో కొత్త నంబరు చెప్పండి అన్నారు. బాగానే ఉంది. "ప్రమాదాలేమీ లేకుండా ఎన్నేళ్ళు నడిపారు?" అని అడిగింది ఆ అమ్మాయి. మావారు పాత కంపెనీ ఇచ్చిన నో క్లెయిమ్ బోనస్ ఉత్తరం చూసి, "ఐదేళ్ళు" అన్నారు. మంచి తగ్గింపు వచ్చింది.

"మరి మీ భార్యగారికి?"

"తనకీ ఐదేళ్ళే" అన్నాను పక్కనుంచి నేనే.

"మీ పేరున పాలసీ ఉండేదాండీ?"

లేదు. కారు ఆయన పేరున ఉంది, పాలసీ ఆయన పేరున ఉంది. అందులో నేను అదనపు డ్రైవరుని. "అయితే మీకు సున్నా అని వేసుకుంటానండీ" అంది, పాపం, చాలా మృదువుగా.

ఒక్కసారి లెక్క వేసుకున్నాను. ఆయన రైల్లో ఆఫీసుకి వెళ్ళేవారు, ఆదివారాలు మాత్రం బండి తీసేవారు. బడికి, బజారుకి, డాక్టరు దగ్గరికి, మంచులో, వానలో రోజూ నడిపింది నేను. ఐదేళ్ళలో ఒక్క గీత పడలేదు. కాదు, ఒకటి పడింది. 2017లో గేటు స్తంభానికి రాసింది. రాసింది ఆయనే. బోనస్ పోతుందని బీమా అడక్కుండా, డబ్బు మేమే పెట్టి రంగు వేయించాం. ఆ డబ్బు నా పోపులడబ్బాలోది. అలా జాగ్రత్తగా నేను పోగుచేసిన ఐదేళ్ళూ ఆయన పేరున ఉత్తరమై వచ్చాయి. కారుకి రసీదు ఉంది, పుట్టుమచ్చ ఉంది. నా ఐదేళ్ళకి మాత్రం కాగితం లేదు. బిస్కట్ల డబ్బా అంతా వెతికినా దొరికేది కాదది.

పాత కంపెనీకి రాస్తే, నేను ఫలానా తేదీ నుంచి అదనపు డ్రైవరునని, నా వల్ల క్లెయిములేవీ లేవని రెండు వాక్యాలు రాసి పంపారు. కొత్తవాళ్ళ లెక్కలో దానికి గడి లేదుట. ఆ రాత్రి గిన్నెలు కొంచెం గట్టిగానే చప్పుడయ్యాయి. మావారు రెండుసార్లు వంటింట్లోకి తొంగిచూసి వెళ్ళిపోయారు.

పన్నెండు నెలలు అమ్మకూడదన్న గడువు 2020 అక్టోబరుతో తీరింది. ఆ మర్నాడే కాఫీ ఇస్తూ అడిగాను, కారు నా పేరుకి మార్చమని, పాలసీ నేను తీసుకుంటానని.

"నీ పేరున అయితే ఎక్కువ కట్టాలే! ఇంట్లో డబ్బే కదా, ఎవరి పేరున ఉంటేనేం?"

"ఎవరి పేరున ఉన్నా ఒకటే అయితే, నా పేరున ఉండనివ్వండి."

ఆయన కాఫీ తాగడం ఆపి నాకేసి చూశారు. గేటు స్తంభం గుర్తొచ్చిందో ఏమో, మారు మాట్లాడకుండా రిజిస్ట్రేషన్ కాగితం తీసుకొచ్చారు. అమ్మేవారి చోట ఆయన సంతకం, కొనేవారి చోట నాది. "ఎంతకి కొన్నావమ్మా?" అంది మా అమ్మాయి. "ఐదేళ్ళకి" అన్నాను. దానికి అర్థం కాలేదు, వాళ్ళ నాన్నకి అయింది.

మొదటి ఏడాది పాలసీకి నిజంగానే ఎక్కువ పడింది. కంపెనీవాళ్ళు "అదనపు డ్రైవరు ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే, మావారి పేరు చెప్పాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతులో కాస్త గర్వం వినిపించిందని ఆయన ఇప్పటికీ దెప్పుతూంటారు.

2021 జనవరి 1 నుంచి బ్రిటన్ కార్లకి కస్టమ్స్ తతంగం కూడా తోడైంది, మా తరవాత వచ్చినవాళ్ళకి ఇంకా ఎక్కువ కాగితాలు. వాళ్ళు అడిగితే అన్నీ చెబుతాను గానీ, ఆడవాళ్ళని పక్కకి పిలిచి ఇంకో ముక్క చెబుతాను. మన దేశంలోనూ అంతే సుమండీ. ఐదేళ్ళు క్లెయిము లేకపోతే బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది. అయితే ఆ బోనస్ బండిది కాదు, నడిపినవాళ్ళదీ కాదు, పాలసీ ఎవరి పేరున ఉంటే వాళ్ళది. మీ ఇంట్లో కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో ఓసారి చూసుకోండి.

2021 అక్టోబరులో నాకో ఉత్తరం వచ్చింది. పైన నా పేరు. కింద, ప్రమాదాలు లేకుండా నడిపిన కాలం: ఒక సంవత్సరం. ఏడేళ్ళు నడిపినదాన్ని, ఆ ఒక్క ఏడాదినీ రెండుసార్లు చదువుకుని, మడతపెట్టి, బిస్కట్ల డబ్బాలో అన్నిటికంటే పైన పెట్టాను.