ఆకాశమున నిప్పు

ఈ సంగతి వ్రాయుటకు మేము చాల దినములు సంకోచించితిమి. మన తప్పు మనమే చాటుకొనుట యెవరికిని సులభము గాదు. అయినను మన యిండ్లలో ఇట్టి వేడుకలు నానాటికి పెరుగుచున్నందున వ్రాయక తప్పినది కాదు.

విజయనగరమువారికి తలయెత్తి చూచుట క్రొత్త గాదు. దసరా వెళ్లిన మంగళవారమునాడు పైడితల్లి అమ్మవారి పూజారి సిరిమాను కొనపై కూర్చుండి సాగిపోవుచుండగా ఊరెల్ల మెడలెత్తి నిలుచును. అట్టి కుతూహలముతోనే 2025 జనవరి 4వ తేదీన పిల్లలను వెంటబెట్టుకొని విశాఖపట్టణమునకు పోయి, రామకృష్ణా బీచిలో నౌకాదళమువారి విన్యాసములను చూచితిమి. రెండు దినములకు ముందే, అక్కడి అభ్యాసమున ఇద్దరు సైనికుల పారాచూట్లు గాలిలో పెనవేసికొని వారు సముద్రమున బడిరనియు, పడవలవారు వెంటనే రక్షించిరనియు మావారు పత్రికలో చదివి వినిపించిరి. "అంతటి శిక్షణ పొందినవారికే యిట్లాయెనే" యని నిట్టూర్చితిమి. విమానముల హోరు చెవిని బడగానే ఆ మాట మరచితిమి.

మా చిన్నవాడు మాత్రము దేనిని మరువలేదు. ఇంటికి వచ్చినది మొదలు వాడు ఫోనులో విదేశముల ప్రదర్శనలను వెదకి చూచుచుండెను. అక్కడ రాత్రివేళ విమానముల రెక్కల చివర బాణసంచా గట్టి, నిప్పురవ్వలు తోకవలె సాగుచుండగా గిరికీలు కొట్టింతురు. చూచుటకు సుందరమే, కాదనము. ఆ యేటి దీపావళికి, అనగా అక్టోబరు 20వ తేదీన, బెంగుళూరునుండి మేనమామ తెచ్చిన బొమ్మ డ్రోనునకు వాడు రెండు కాకరపువ్వొత్తులు గట్టి, "అమ్మా, వెలిగించవా?" యని యడిగినాడు. వాని తెలివికి మురిసి అగ్గిపుల్ల గీసినది మేమే.

మేడమీదినుండి అది లేచినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. పది బారలు పోవునంతలో గాలి త్రిప్పికొట్టగా అది యొరిగి, మా వెనుక వీథిలో పాలు పోయు ముసలమ్మగారి తాటాకుల పాకపై బడినది. ఆకు భగ్గుమన్నది. లోపల పెయ్య యొకటి కట్టబడియున్నది. ఇరుగుపొరుగువారు బిందెలతో పరుగెత్తిరి. మావారు పలుపు కోసి పెయ్యను బయటికి లాగిరి. దాని వీపుపై అరచేయంత మేర కాలినది.

ముసలమ్మగారు మమ్ము తిట్టలేదు. "సదువుకున్నోరు గదమ్మా! ఎలిగించి గాల్లోకి ఒగ్గీసినారు. మరి దాన్ని ఆపీదెవులు?" అన్నది, అంతే.

మాకు చిన్ననాట మా తండ్రిగారు భారతము చదివించిరి. అశ్వత్థామకు అస్త్రప్రయోగము తెలియును గాని ఉపసంహారము తెలియదని మేము పలుమారులు చదివితిమి. ఆ రాత్రి ముసలమ్మగారి నోట ఆ మాట వినువరకు దాని యర్థము మాకు దెలియలేదు.

తరువాత మావారిని, బడిలోని సైన్సు పంతులుగారిని అడిగి కొంత తెలిసికొంటిమి. కాకరపువ్వొత్తి వేడి వేయి డిగ్రీలు దాటునట. మరగునీటిది నూరే గదా. బాణసంచా మందులో మండుటకు వలయు ఆమ్లజని ఆ మందులోనే యుండును. కావున గుడ్డ కప్పినంతమాత్రమున ఆరదు. నిజమైన ప్రదర్శనలలో బాణసంచాను రెక్కకు రవ్వలు తగులనట్లు బిగించి, విమానము నడుపువాడే విద్యుత్తుతో వెలిగించును. రవ్వలు నేల జేరులోపల చల్లారునంత యెత్తున, గాలివాటము చూచుకొని, జనులకు దూరముగా ఎగురవలెను. దిగిన పిమ్మట వెలుగక మిగిలినవి యున్న యెడల, ఆ పని యెరిగినవాడు పరీక్షించువరకు ఎవ్వరును దగ్గరకు పోరాదు. వీనిలో ఒక్కటియు మేడమీద మేము చేయలేదు.

నిప్పుతో పని లేని ప్రదర్శనలలోను ఆపద లేకపోలేదు. 2010 మార్చి 3వ తేదీన హైదరాబాదులోని బేగంపేటయందు నౌకాదళపు సాగర్ పవన్ జట్టు విమానమొకటి ఇండ్ల నడుమ గూలి, అందలి యిద్దరు పైలట్లును మరణించిరి. 2019 ఫిబ్రవరిలో బెంగుళూరు యెలహంక ప్రదర్శనవేళ కార్లు నిలిపిన మైదానములో ఎండుగడ్డికి నిప్పంటుకొని, సుమారు మూడువందల కార్లు కాలిపోయినవి. ఆకాశమునే చూచుచుండువారికి కాలిక్రింది గడ్డి కనబడదు. మాకు పొరుగువారి తాటాకు కనబడనట్లే.

పాక కప్పించుట కగు సొమ్ము ముసలమ్మగారు తీసికొన్నది. పెయ్యకు మందు ఖర్చు మాత్రము ఎంత బతిమాలినను తీసికొనలేదు. ఎందుకని మేమింకను అడుగలేదు. మా చిన్నవాడు రోజును సాయంకాలము బడినుండి రాగానే మా యింటి కుడితి బకెట్టు మోసికొనిపోయి దానికి పెట్టి వచ్చుచున్నాడు. మొదట వానిని జూచి అది బెదరెడిదట. ఇప్పుడు చేయి నాకుచున్నదని చెప్పినాడు. వీపుపై ఆ చోట వెండ్రుకలు ఇంకను మొలవలేదు.