బీకాం పిల్లల ఫిజిక్స్ క్లాసు

బల్ల మీద చిన్న ఎలక్ట్రానిక్ కాటా, రెండు థర్మామీటర్లు, ఓ గుడ్డ పేలిక. ఒక పళ్లెంలో ఆ పొద్దున్నే కోసుకొచ్చిన పండు మిరపకాయలు, ఇంకో పళ్లెంలో కల్లంలో గలగలలాడేలా ఎండిన తేజ కాయలు. బెంచీల్లో ఉన్న పిల్లల్లో ఒక్కరు కూడా ఇంటర్‌లో ఫిజిక్స్ చదవలేదు. అందరూ బీకాం, బీఏ. చిలకలూరిపేట నుంచి అద్దంకి వైపు వెళ్లే దారిలో, చుట్టూ పత్తి, మిరప చేలున్న డిగ్రీ కాలేజీ ఇది. ఫిబ్రవరి నెల కావడంతో హాజరు పల్చగా ఉంది. రాని వాళ్లలో చాలామంది కోతలకు వెళ్లారని వచ్చిన వాళ్లే చెప్పారు.

రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీ ఒకే మేజర్ పద్ధతికి మారింది. ఆ మేజర్‌తో సంబంధం లేని పేపర్లు కూడా కొన్ని చదవాలి. భౌతిక విజ్ఞానం మూలసూత్రాలు చెప్పే చిన్న పేపరు ఆర్ట్స్, కామర్స్ పిల్లల దగ్గరికి అలా వచ్చింది. దీన్ని నోట్సు చెప్పి, నాలుగు ముఖ్యమైన ప్రశ్నలు గుర్తు పెట్టించి ముగించడం తేలిక. ఇక్కడి మేడమ్ అలా చెప్పడం లేదని విని, అడిగి వచ్చాను. వెనక బెంచీలో చోటిచ్చారు.

"వంద కిలోల పండు కాయల్లో డెబ్బై అయిదు శాతం నీళ్లే అనుకుందాం. పది శాతం తేమకు ఎండబెడితే ఎన్ని కిలోల నీళ్లు పోతాయి?"

"అరవై అయిదు" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

మేడమ్ అవుననలేదు, కాదనలేదు. రెండో బెంచీలో ఓ అమ్మాయి కాసేపు కాగితం మీద గీసుకుని లేచింది. "కాదు మేడమ్. ఆ పది శాతం వంద కిలోల మీద కాదు, ఎండాక మిగిలిన బరువు మీద. నీళ్లు పోను ఉన్న పాతిక కిలోలు ఎక్కడికీ పోవు. అవి తొంభై శాతం అయితే మొత్తం 27.8 కిలోలు. అంటే పోయింది 72.2."

శాతం దేని మీద అన్న ప్రశ్న బీకాం చదివే పిల్లకు వెంటనే తడుతుంది. మేడమ్ ఆ బలం తెలిసే అక్కడ మొదలుపెట్టారు. ముప్పై డిగ్రీల దగ్గర కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ల వేడి కావాలి. కరెంటు మీటరులో ఒక యూనిట్ అంటే 3,600 కిలోజౌళ్లు. ఈ రెండు అంకెలూ బోర్డు మీద వేసి పక్కకు జరిగారు. పిల్లలే లెక్క తేల్చారు. వంద కిలోల పండు కాయలు ఎండడానికి దగ్గర దగ్గర నలభై తొమ్మిది యూనిట్లు కావాలి. ఎండ ఆ నలభై తొమ్మిది యూనిట్లనూ ఊరికే ఇస్తోంది. క్లాసు కాసేపు ఆ అంకె చుట్టూనే తిరిగింది. తమ ఇంటి నెల బిల్లుతో పోల్చుకున్నారు, కల్లంలో ఉన్న సరుకుతో హెచ్చవేసుకున్నారు.

అప్పుడు కిటికీ పక్క కుర్రాడు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. బాగా ఎండ కాచే రోజున చదరపు మీటరు నేల మీద అయిదారు యూనిట్లు పడతాయని మేడమ్ అన్నారు. "అయితే పది చదరపు మీటర్లలో పరిస్తే ఒక్క రోజులో ఎండిపోవాలి కదా మేడమ్? మా కల్లంలో వారం, పది రోజులు ఎందుకు పడుతోంది?"

జవాబు చెప్పడానికి ఆమె తొందరపడలేదు. పడిన ఎండలో కొంత తిరిగి పైకి పోతుందని, కొంత నేలనూ గాలినీ వేడెక్కిస్తుందని పిల్లల నోటే రాబట్టారు. కాయ లోపలి నీరు మందపాటి తోలు దాటి బయటికి రావడానికి పట్టే కాలం సంగతీ వాళ్లే చెప్పారు. చివరికి మిగిలింది గాలి. ఒక థర్మామీటర్ బుడ్డికి గుడ్డ చుట్టి తడిపి, రెండింటినీ ఫ్యాను కింద పెట్టారు. పొడిది 31 దగ్గర ఉంది. తడిది దిగుతూ దిగుతూ 22 దగ్గర ఆగింది. గుడ్డలోని నీరు ఆవిరవుతూ థర్మామీటర్ వేడిని తీసుకుపోయింది. రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువైతే గాలి అంత పొడిగా ఉన్నట్టు. ఆ తేడాను బట్టి పట్టిక చూస్తే గాలిలో తేమ నలభై అయిదు శాతం చిల్లర. మంచు కురిసే తెల్లవారుజామున రెండూ ఒకే అంకె చూపిస్తాయి, ఆ వేళ కాయ ఆరదు. పట్టా కప్పకపోతే ఎండిన కాయ కూడా తేమ లాక్కుంటుంది. వాళ్ల ఇళ్లలో పెద్దలు సాయంత్రం కాయలు కుప్పచేసి పట్టా ఎందుకు కప్పుతారో ఎవరూ విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

గంట కొట్టే ముందు మాత్రమే ఆమె బోర్డు మీద సూత్రం రాశారు: క్యూ ఈజ్ ఈక్వల్ టు ఎమ్ ఎల్. కావాల్సిన వేడి క్యూ, ఆవిరయ్యే నీటి బరువు ఎమ్, కిలోకు పట్టే వేడి, అంటే గుప్తోష్ణం, ఎల్. ఈ పిల్లలకు అంకెలంటే భయం లేదు, భయమంతా అక్షరాలతో రాసిన సూత్రమంటేనే. లెక్క చేసేశాక ఆ అక్షరాలు వచ్చాయి కాబట్టి ఎవరూ బెదరలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన పాల్ హ్యూయిట్ 1971లో 'కాన్సెప్చువల్ ఫిజిక్స్' పుస్తకం తెచ్చాడు. ముందు సంగతి అర్థం కావాలి, గణితం తర్వాత అన్నది అతని దారి. ఈ క్లాసు చూశాక నాకు దానికి ఒక చేర్పు తోచింది. మన కామర్స్ పిల్లలకు గణితాన్ని తగ్గించనక్కర్లేదు, వాళ్లకు తెలిసిన లెక్కలోంచి నడిపిస్తే చాలు. పరీక్షలో మాత్రం 'గుప్తోష్ణాన్ని నిర్వచింపుము' అని అడుగుతారు. ఇంత చేసిన పిల్లలకు ఆ ప్రశ్న చాలా తక్కువ.

మరుసటి పీరియడ్‌లో పత్తి. జిన్నింగ్ మిల్లు నుంచి అడిగి తెచ్చిన తేమ మీటరు బల్ల మీదికి వచ్చింది. కాటన్ కార్పొరేషన్ మద్దతు ధరకు కొనాలంటే పత్తిలో తేమ ఎనిమిది శాతం ఉండాలి. అది దాటితే ధర తగ్గుతుంది, పన్నెండు దాటితే కొనరు. ఈ రెండు అంకెలూ క్లాసులో అందరికీ నోటికొచ్చు. మీటరు లోపల ఏం జరుగుతుందో మాత్రం ఒక్కరికీ తెలియదు. అది నీళ్లను తూచదు. పత్తి గుండా కొద్దిపాటి కరెంటు పంపి, ఎంత అడ్డుకుంటుందో చూస్తుంది. తేమ పెరిగితే నిరోధం తగ్గుతుంది, ఆ తగ్గుదలను శాతంగా మార్చి చూపిస్తుంది. మేడమ్ ఒకే పత్తిని ముందు వదులుగా, తర్వాత గట్టిగా అదిమి పెట్టి చూపించారు. రెండోసారి అంకె పెరిగింది. పత్తిలో నీళ్లు పెరగలేదు, పోగులు దగ్గరై కరెంటుకు దారులు పెరిగాయి.

"అంటే నొక్కే చేతిని బట్టి రేటు మారుద్దా మేడమ్?" అన్నాడు వెనక నుంచి ఓ కుర్రాడు. వాళ్ల నాన్న నిరుడు ఒక వ్యాపారి దగ్గర రీడింగు ఎక్కువొచ్చిందని తగ్గించి అమ్ముకొచ్చాడట.

"అందుకే ఎంత బిగువుతో నొక్కాలో మీటరుతో వచ్చిన కాగితంలో రాసి ఉంటుంది. ఒక్క చోట కాదు, నాలుగు చోట్ల చూసి సగటు కట్టమని అడగొచ్చు. అడగండి, నాన్నా."

ఈ పేపరు ఎందుకని నన్నడిగితే ఈ జవాబే చూపిస్తాను. వీళ్లలో ఎవరూ ఫిజిక్స్ లెక్చరర్లు కారు. అకౌంటెంటు, సచివాలయ ఉద్యోగి, కమీషన్ కొట్లో గుమాస్తా, రైతు అవుతారు. కాటా ముందు, మీటరు ముందు జీవితమంతా నిలబడే వాళ్లు వీళ్లే. అది ఏం కొలుస్తోందో తెలిసిన మనిషి మర్యాదగానే గట్టిగా అడగగలడు.

మధ్యాహ్నం అందరం గుంటూరు శివార్లలో ఓ కోల్డ్ స్టోరేజీకి వెళ్లాం. మిర్చి యార్డు మాటల్లో సరుకు రెండే రకాలు: ఇలాంటి చోట దాచిన ఏసీ, దాచని నాన్ ఏసీ. మందపాటి తలుపు తీయగానే గాటుకు అందరికీ దగ్గు. ఎదురుగా కప్పు దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. "మేం లోపలికి చలి పంపమండీ, బావిలో నీళ్లు తోడినట్టు వేడిని బయటికి తోడిపోస్తాం" అన్నాడు ఆపరేటరు. గొట్టాల్లో ద్రవంగా ఉన్న అమ్మోనియా ఆవిరవుతూ గదిలోని వేడిని తీసుకుంటుంది. కంప్రెసరు ఆ ఆవిరిని నొక్కి బయటికి పంపుతుంది, అక్కడ అది వేడిని వదిలి మళ్లీ ద్రవమవుతుంది. వెనక ఆ గొట్టాల మీద నీళ్లు జారుతున్నాయి. కిందికి కారే నీటిలో పిల్లలు చేతులు పెట్టి చూశారు. గోరువెచ్చగా ఉంది. పొద్దున తడిగుడ్డ దగ్గర చూసిన సంగతే ఇక్కడ యంత్రంలో జరుగుతోంది.

ఏసీకి 'టన్ను' అనడం బరువు గురించి కాదన్నది వాళ్లకు అక్కడే తెలిసింది. టన్ను మంచు ఇరవై నాలుగు గంటల్లో కరిగేటప్పుడు ఎంత వేడి పీల్చుకుంటుందో, అంత వేడిని తోడే శక్తి అది, దాదాపు మూడున్నర కిలోవాట్లు. మంచు కరుగుతున్నంతసేపూ వేడి అందుతున్నా థర్మామీటర్ కదలదని 1760లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ తేల్చాడు. థర్మామీటర్‌ను కదిలించని ఆ వేడి లెక్కే ఈ గోడౌన్ల కొలత.

తిరుగు బస్సులో మేడమ్ వచ్చే క్లాసుకు పని చెప్పారు. చేలో బోరు మోటారు పలక మీద ఎన్ని హెచ్‌పీ అని ఉందో రాసుకురావాలి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. అయిదు హెచ్‌పీ మోటారు తొమ్మిది గంటలు తిరిగితే ఎన్ని యూనిట్లో, నీరు ఎంత లోతు నుంచి వస్తోందో కూడా కనుక్కురావాలి.

"మాకు పొలం లేదు మేడమ్" అంది ముందు సీట్లో అమ్మాయి.

"ఇస్త్రీ పెట్టె ఉందా?"

"లేదండీ. మిక్సీ ఉంది."

"దాని అడుగున చిన్న అక్షరాలతో వాట్లు రాసి ఉంటాయి, చూసి రామ్మా. అమ్మ రోజుకు ఎన్ని నిమిషాలు తిప్పుతుందో అది కూడా రాసుకురా."