మొదటి ఎత్తు

శుక్రవారము సాయంత్రము ఆరు గంటలకు మా వసారాలో ఎవరైనా నిలబడి వింటే వారికి వింతగా తోస్తుంది. "పదకొండు నుండి పదిహేను" అని మా మనవడు సెల్‌ఫోనులో అంటాడు. "ఇరవై మూడు నుండి పందొమ్మిది" అని కువైట్ నుండి వాడి నాన్న బదులిస్తాడు. మేమేదో లాటరీ నెంబర్లు చెప్పుకొంటున్నామని మొదట్లో పక్కింటివారు అనుకొన్నారట. అవి చెకర్స్ ఆటలోని ఎత్తులు. ఈ వయస్సులో మేము ఆ ఆట ఎందుకు నేర్చుకొన్నామో, అందులో మొదటి ఎత్తులను గూర్చి ఏమి తెలిసికొన్నామో మీతో పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాము. ప్రియ చదువరులారా, మీలో అనేకుల ఇళ్ళలో కూడ పిల్లలు తాత, మామ్మల దగ్గర పెరుగుతున్నారు గదా!

మాది కోనసీమలో చిన్న గ్రామము. మా అబ్బాయి చెరువు కౌలుకు తీసికొని రొయ్యలు వేశాడు. వరుసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుతో పోయాయి. అప్పు తీర్చడానికి మొదట అతడు, ఏడాది తరువాత కోడలు కువైట్ వెళ్ళారు. అతడు ఒక ఇంట్లో డ్రైవరు, ఆమె మరొక ఇంట్లో వంటపని. అతడు బయలుదేరిన తెల్లవారుజామున పిల్లవాడు మంచి నిద్రలో ఉన్నాడు. "లేపవద్దు, ఏడుస్తాడు" అన్నాము. అతడు లేపకుండానే కారెక్కాడు.

ఆ తరువాత ఫోనులో జరిగే మాటలు మాకు కంఠతా వచ్చాయి. "తిన్నావా నాన్నా?" "ఆ." "బాగా చదువుతున్నావా?" "ఆ." "మామ్మను విసిగించడం లేదు గదా?" "లేదు." అంతటితో ఫోను మా చేతికి వచ్చేది. మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. పిల్లవాడు పెంకివాడు కాడు, బడికి వెళ్ళేవాడు, చెప్పిన పని చేసేవాడు. కాని నాన్నతో మాట్లాడేవాడు కాడు. దూరము వలన అలా ఉన్నాడులే అని మేము సరిపెట్టుకొన్నాము.

ఒకసారి సెలవు మీద వచ్చిన మా ఊరివారి చేత అబ్బాయి ఒక పెట్టె పంపాడు. అందులో మడత బోర్డు, పన్నెండు నల్లకాయలు, పన్నెండు తెల్లకాయలు ఉన్నాయి. తన కొరకు కూడ అలాంటిదే ఒకటి కొనుక్కొన్నానని ఫోనులో చెప్పాడు. చిన్నతనములో అరుగు మీద సుద్దతో గీసికొని పులీ మేకా ఆడినవాళ్ళము గనుక బోర్డు చూడగానే మాకు హుషారు వచ్చింది. పులి మేకను దాటి చంపినట్లే ఇందులోను ఎదుటి కాయ మీదుగా దాటి చంపాలి. చదరంగము బోర్డు లాగానే ఎనిమిది వరుసలు ఉంటాయి, అయితే నల్లగళ్ళలోనే ఆట. అవి 32. కాయ ఐమూలగా ముందుకే నడుస్తుంది. చంపే అవకాశము వస్తే మానడానికి వీలులేదు, చంపి తీరవలసిందే. ఎదుటివారి చివరి వరుసకు చేరిన కాయ రాజవుతుంది. రాజు వెనుకకు కూడ నడవగలదు.

ఆ 32 గళ్ళకు అంకెలున్నాయి. అందుచేతనే ఈ ఆటను ఫోనులోను, ఉత్తరాల మీదను ఆడవచ్చు. మా మనవడు పాత క్యాలెండరు నుండి అంకెలు కత్తిరించి గళ్ళలో అంటించాడు. ముప్పై ఒకటి వరకు వచ్చి ఆగిపోయాడు. ఏ నెలకూ ముప్పై రెండో తేదీ లేదు గదా! చివరికి ఒక మూడు, ఒక రెండు కలిపి అంటించాడు. చాలా రోజుల తరువాత ఆ పూట వాడు నవ్వడము చూచాము.

ఇక ఆట మొదలైంది. నల్లకాయలవారు మొదట కదపాలి. మొదటి ఎత్తుకు ఉన్న దారులు ఏడే: 9 నుండి 13 లేక 14, 10 నుండి 14 లేక 15, 11 నుండి 15 లేక 16, 12 నుండి 16. అంతకు మించి లేవు. ఏడే గదా, ఏదైతే ఏమిటి అని మేము అనుకొన్నాము. ప్రక్కన కూర్చుని పిల్లవాడికి సలహాలు కూడ ఇచ్చాము. "అంచున పెట్టుకో, అంచునున్న కాయను ఎవరూ చంపలేరు" అన్నాము. "వెనుక వరుసలోని నాలుగు కాయలను కదపకు, ఇల్లు భద్రము" అన్నాము. వాడు మా మాట విని ఎప్పుడూ 9 నుండి 13కు వెళ్ళేవాడు. వెనుక నాలుగూ అలాగే ఉంచేవాడు. ప్రతి శుక్రవారము ఓడిపోయేవాడు.

తప్పు మా సలహాలోనే ఉందని తెలియడానికి రెండు నెలలు పట్టింది. పిల్లవాడు ఫోనులో యంత్రముతో ఆడి, చదివి, ఒక్కొక్కటే మాకు నేర్పాడు. అంచునున్న కాయకు భయము లేని మాట నిజమే, కాని దానికి ముందుకు ఒక్కటే దారి. మధ్యనున్న కాయకు రెండు దారులు. అందుకే పాత ఆటగాళ్ళు 11 నుండి 15ను మిక్కిలి ఇష్టపడేవారట, అది మధ్యకు వెళ్ళే ఎత్తు. అలాగే వెనుక వరుసలో నాలుగింటినీ కాపలా ఉంచితే యుద్ధానికి ఎనిమిదే మిగులుతాయి. నల్లకాయలవారు 1, 3 గళ్ళలోని కాయలను ఉంచి, 2, 4 గళ్ళలోని వాటిని సమయము చూచి బయటకు పంపాలి. ఆ రెండు చాలు, ఎదుటి కాయ ఒంటరిగా వచ్చి రాజు కాకుండ కాస్తాయి. "ఇద్దరు ఇంట్లో, ఇద్దరు బయట. మనలాగే మామ్మా" అన్నాడు వాడు. మేము ఏమీ అనలేకపోయాము.

మొదటి ఎత్తుకు బదులు చెప్పడములో కూడ జాగ్రత్త కావాలి. నల్లకాయ 9 నుండి 14కు వచ్చిందనుకోండి. తెల్లకాయలవారు 21 నుండి 17కు వస్తే, 14లోని కాయ 17ను దాటి, ఖాళీ అయిన 21లో కూర్చుంటుంది. అది అంచు గనుక తిరిగి చంపే వీలులేదు. ఆట మొదలైన అర నిమిషములో ఒక కాయ ఊరకనే పోయినట్లు. మా అబ్బాయి కువైట్ నుండి ఒకనాడు సరిగ్గా ఈ తప్పే చేశాడు. ఆ రోజు పిల్లవాడు మొదటిసారి గెలిచి, రాత్రి పడుకొనే వరకు ఆ మాటే చెప్పాడు.

తరువాత కొన్ని వారాలు బాగా జరిగాయి. కాని ఇద్దరికీ 11 నుండి 15 ఆట బాగా వచ్చేసింది. వీడు ఇది అంటే ఆయన అది, ఆయన అది అంటే వీడు ఇది. ప్రతి వారము అదే ఆట, ప్రతి వారము డ్రా. ఒక శుక్రవారము పది ఎత్తులు కాకముందే "డ్రాయే గదా డాడీ" అని ఫోను మా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పాత మూడు ప్రశ్నలు మళ్ళీ వస్తాయేమోనని మాకు దిగులు వేసింది.

ఈ చిక్కు మాకే కాదు, మహా ఆటగాళ్ళకు కూడ వచ్చిందని తరువాత తెలిసింది. పందొమ్మిదవ శతాబ్దములో బ్రిటనులో పెద్ద పెద్ద పోటీలలో సహితము ఓటమికి భయపడి తమకు తెలిసిన ఆరంభాలనే మళ్ళీ మళ్ళీ ఆడేవారు. డ్రా మీద డ్రా. చూచేవారికి విసుగు పుట్టేది. అందుకని చీటీల పద్ధతి వచ్చింది. మొదటి రెండు ఎత్తులను ఆటగాడు ఎన్నుకోకుండ చీటీ తీసి నిర్ణయిస్తారు. 1934 నుండి అమెరికాలో మొదటి మూడు ఎత్తులకూ చీటీలే. ఒక్కొక్క చీటీకి రెండు ఆటలు ఆడాలి. మొదటి ఆటలో నల్లకాయలు ఆడినవారు రెండవ ఆటలో తెల్లకాయలు తీసికొంటారు. కష్టమైన వైపు ఎవరికి వచ్చినా, తరువాత రెండవవారు కూడ అక్కడ కూర్చోవలసిందే.

ఆ పద్ధతిలో అందరికంటె గొప్పవాడని పేరు పొందినవారు అమెరికాలోని మారియన్ టిన్స్‌లీ. 1927లో పుట్టారు. కళాశాలలో గణితము, సంఘములో వాక్యము బోధించేవారు. 1950 మొదలుకొని 1995లో మరణించే వరకు ఆయన ఓడిన ఆటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 1992లో లండనులో చినూక్ అనే కంప్యూటరుతో తలపడి 4 గెలిచారు, 2 ఓడారు, 33 డ్రా అయ్యాయి. మరల 1994లో బోస్టనులో ఆరు ఆటలూ డ్రా అయిన పిమ్మట అనారోగ్యము వలన తప్పుకొన్నారు. అంతటివాడు కూడ ఇష్టమైన ఎత్తుతోనే మొదలుపెడతానని అనలేదు, చీటీలో వచ్చిన దానితోనే ఆడారు.

మేము కూడ చీటీలు చేశాము. మూడు ఎత్తులు మాకు బరువని రెండింటితో సరిపెట్టుకొన్నాము. నల్లకాయలకు ఏడు ఎత్తులు, తెల్లకాయలకు ఏడు బదుళ్ళు, మొత్తము 49. అందులో కాయ ఊరకనే పోయే రెండింటిని తీసివేస్తే 47. చీటీలు చుట్టి ఖాళీ హార్లిక్స్ సీసాలో వేశాము. కొత్త సంవత్సరమున వాగ్దాన కార్డు తీసినట్లు వాడు కళ్ళు మూసికొని ఒకటి తీసేవాడు.

కొన్ని వారాల తరువాత 12 నుండి 16 చీటీ వచ్చింది. ముందు మా అబ్బాయికి నల్లకాయలు. అతడు ఇరుకున పడి ఓడిపోయాడు. "ఇంత సులువైన ఆట ఎలా ఓడావు డాడీ?" అని వీడు ఎగతాళి చేశాడు. రెండవ ఆటలో నల్లకాయలు వీడివి. ఎటు కదిపినా చిక్కే. చాలాసేపు బోర్డు చూచి, "అటువైపు నుండి చూస్తే సులువుగా కనబడింది. ఇటు కూర్చుంటే కష్టమే" అన్నాడు. "అవును నాన్నా" అన్నాడు మా అబ్బాయి. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాడు కాయను చేత్తో పట్టుకొనే ఉన్నాడు. అప్పుడు అడిగాడు: "డాడీ, వెళ్ళేరోజు నన్నెందుకు లేపలేదు?"

మూడు సంవత్సరాలుగా వాడి మనస్సులో ఉన్న మాట అది. ఫోనులో అబ్బాయి గొంతు పూడుకుపోయింది. ఇక మేము దాచలేకపోయాము. "లేపవద్దన్నది మేమురా. నువ్వు ఏడుస్తావని" అన్నాము. వాడు మా వైపు చూచాడు. అంచున పెట్టుకొంటే భద్రమని చెప్పినది కూడ మేమే గదా! అబ్బాయి మెల్లగా చెప్పాడు: "నిన్ను లేపితే నేను వెళ్ళలేకపోయేవాడిని నాన్నా. కాని లేపవలసింది." ఆ తరువాత అక్కడ మొదటి సంవత్సరము ఎలా గడిచిందో, ఏ అప్పు ఎంత తీరిందో, ఇంకా ఎంత ఉందో వాడికి పెద్దవాడితో చెప్పినట్లు చెప్పాడు. గంటకు పైగా మాట్లాడుకొన్నారు. ఆట ముగియలేదు. కాయలు అలాగే ఉంచి బోర్డు మీద గిన్నె బోర్లించాము.

దీనితో అంతా చక్కబడిందని చెప్పము. వాడు రెండు రోజులు మాతో ముభావముగా ఉన్నాడు, అది న్యాయమే. అప్పు ఇంకా ఉంది, వారింకా అక్కడే ఉన్నారు. కాని ఫోను ఇప్పుడు "తిన్నావా" తో మొదలు కావడము లేదు. "ఈ రోజు బడికి ఏ గట్టు మీదుగా వెళ్ళావు? చెరువులో నీళ్ళెంత ఉన్నాయి?" అని అబ్బాయి అడుగుతాడు. అటువంటి ప్రశ్నకు "ఆ" అని జవాబు చెప్పడానికి వీలుండదు. సెలవు దొరికిన రోజున కోడలు కూడ కలుస్తుంది. "ఈసారి పై చీటీ వద్దు, అడుగున ఉన్నది తియ్యి" అని అక్కడి నుండే చెబుతుంది.

2007లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయములో చినూక్‌ను తయారుచేసిన జోనథన్ షాఫర్ బృందము, ఇద్దరూ తప్పు లేకుండ ఆడితే ఈ ఆట డ్రాయేనని నిరూపించింది. అది చదివి పిల్లవాడు, "అయితే ఇంకెందుకు ఆడటం?" అని అడిగాడు. "తప్పు చేయకపోతే గదా డ్రా! నువ్వూ నేనూ చేస్తాముగా" అన్నాడు వాడి నాన్న.

దూరాన ఉన్న పిల్లలతోను, ఒకే కప్పు క్రింద ఉన్నవారితోను మీ మాటలు రోజూ ఒకే విధముగా మొదలై ఒకే విధముగా ముగుస్తున్నాయేమో చూచుకోండి. అలాగైతే మొదటి ఎత్తు మార్చి చూడండి. చీటీలే కావాలని లేదు. మా సీసాలో మాత్రము ఇంకా పంతొమ్మిది చీటీలు తీయనివి ఉన్నాయి. అవి అయిపోయే లోపున అబ్బాయి, కోడలు సెలవు మీద వస్తామన్నారు. వచ్చేది ఏ వేళకైనా సరే, లేపి తీరాలని మనవడు మా చేత మాట తీసికొన్నాడు.