నెలకో ఆదివారం

పటాన్‌చెరు చుట్టుపక్కల కాపురాలు షిఫ్టుల మీద నడుస్తాయి. తనది మందుల కంపెనీ ల్యాబ్, వారానికో షిఫ్టు. నాకేమో రాత్రిళ్లు కాల్స్. ఇద్దరికీ కుదిరే ఆదివారం నెలకొకటి. అందుకే ఏ సినిమాకెళ్లాలన్నది మా ఇంట్లో చిన్న విషయం కాదు.

2023 మార్చిలో అలా 'బలగం' చూశాం. నల్లిబొక్క దగ్గర రేగిన పంతం బావాబామ్మర్దుల్ని ఏళ్లతరబడి విడదీస్తుంది. అంత చిన్న కారణాన్ని వేణు యెల్దండి పెద్దది చేసి చూపించలేదు, అదే నాకు నచ్చింది. (కొన్ని సీన్లు సాగాయనే ఇప్పటికీ అంటాను.)

మా పెళ్లిలో ఫొటోకి పిలవలేదని వాళ్లన్న తినకుండా వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ మాటల్లేవు.

చివర్లో కొమురమ్మ, మొగిలయ్యల పాటకి హాలంతా ఏడ్చింది. తను ఏడవలేదు. సంగారెడ్డికి తిరిగొస్తుంటే, ఇస్నాపూర్ దాటాక, లారీల రొదలో బండి వెనక నుంచి అడిగింది: "అన్న నంబర్ నీ ఫోన్ల ఉందా?"