మా ఇంట్లో షికారి

షికారు అంటే మనకు తెలుసు. సాయంత్రం చల్లగాలికి నాలుగడుగులు వేసి రావడం. షికారి అంటే వేటగాడు. ఈ రెండో మాట మా ఇంట్లోకి 2007 మార్చిలో, ఇంగ్లండులో, మా అబ్బాయి గది తలుపు సందులోంచి వచ్చింది.

అప్పుడు మేం హాట్‌ఫీల్డ్‌లో ఉండేవాళ్ళం. నేను వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు చేసేవాణ్ణి. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి, కర్టెన్లు వేసుకుని, మధ్యాహ్నం మూడు దాకా పడుకోవాలి. మూడున్నరకు మావాడు బడినుంచి వచ్చేవాడు. వాడికి పదిహేనేళ్ళు. మరుసటి ఏడాది జి.సి.ఎస్.ఇ. పరీక్షలు. ఇల్లు, ఊరు, అమ్మానాన్నల్ని వదిలి ఇంతదూరం వచ్చింది వీడి చదువు కోసమే కదా అని మా ఇద్దరి ఆలోచన. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఇదే లెక్క ఉండి ఉంటుంది.

ఆ నెలలో ఒకరోజు వాడి గదిలోంచి ఒక కేక వినపడింది. పరుగెత్తి వెళ్ళాను. ఎవరికీ ఏమీ కాలేదు, సి.డి. తిరుగుతోంది, అంతే. కేక తర్వాత డ్రమ్ములు, వాటి మీద డాన్సు క్లబ్బుల్లో వేసే కీబోర్డు మోత, మళ్ళీ కేక. మాది కరీంనగర్ జిల్లా. బోనాలప్పుడు శివసత్తులు ఊగుతూ పెట్టే కేకలు చిన్నప్పటినుంచి విన్నదే మా ఆవిడ. గుమ్మంలో నిలబడి, "వీనికి పూనకమొచ్చినట్టుంది, వేపమండలు తేపోండ్రి" అంది. హాట్‌ఫీల్డ్‌లో వేపమండలు ఏడ దొరుకుతయ్!

ఆ బృందం పేరు ఎంటర్ షికారి. నలుగురు కుర్రాళ్ళు, అప్పుడప్పుడే ఇరవై దాటినవాళ్ళు. ఊరు మాకు ఐదారు మైళ్ళ దూరంలోని సెయింట్ ఆల్బన్స్. పాడే అబ్బాయి రూ రేనాల్డ్స్, వాళ్ళ మామయ్య పడవ పేరు షికారి అట, అక్కడినుంచి వచ్చిందా పేరు. మన దేశం మాట ఒక తెల్లాయన పడవ మీదికెక్కి, అక్కడినుంచి మా ఇంటికి వచ్చిందన్నమాట. ఆ సి.డి. వాళ్ళ మొదటి ఆల్బమ్, 'టేక్ టు ది స్కైస్'. మార్చి 19న విడుదలైంది. పెద్ద కంపెనీల చేతికి ఇవ్వకుండా సొంతంగా లేబుల్ పెట్టుకుని తెచ్చారు. బ్రిటన్ ఆల్బమ్ చార్టులో నాలుగో స్థానానికి చేరింది. అంతకుముందు 2006 నవంబరులో, ఏ కంపెనీతోనూ ఒప్పందం లేకుండానే, లండన్ ఆస్టోరియా హాల్లో టికెట్లన్నీ అమ్ముడయ్యేలా ప్రోగ్రాం ఇచ్చారు. ఆ హాలు 2009లో మూతపడింది, కొత్త రైలు లైను కోసం కూల్చేశారు.

ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. ఆరోజు నేనన్నది ఒక్కటే మాట: "ఇది సంగీతమా?"

"ఇది పోస్ట్ హార్డ్‌కోర్, డాడీ. ఒక్కసారి పూర్తిగా విను" అన్నాడు వాడు.

నేను వినలేదు. నా వాదనకు బలం కోసం ఆ రాత్రి వేర్‌హౌస్‌లో నలుగుర్ని అడిగాను. ఇక్కడివాళ్ళే బాగాలేదంటే ఇక వాడు నోరెత్తడు కదా!

మొదట ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన. యాభై దాటినవాడు, వయసులో ఉన్నప్పుడు పంక్ పిచ్చి. ఆయనే నాకు కథంతా చెప్పాడు. 1980 ప్రాంతంలో అమెరికాలో హార్డ్‌కోర్ పంక్ వచ్చిందట. పాట నిమిషమో రెండు నిమిషాలో, పరుగే పరుగు, పాడడం కన్నా అరవడం ఎక్కువ. ఆ తర్వాత వాషింగ్టన్‌లో ఫుగాజీ లాంటివాళ్ళు ఆ బలం పోకుండానే నెమ్మదిని, తాళం మార్పుల్ని, మధ్యలో మౌనాన్ని కలిపారు. తర్వాత వచ్చింది కాబట్టి పోస్ట్. "మరి ఈ కుర్రాళ్ళు?" అన్నాను. "ఆ డాన్సు కీబోర్డు దండగ. కేకకూ దానికీ పొత్తు కుదర్లేదు" అన్నాడు. నాకు సంతోషమైంది. వెళ్ళబోతుంటే, "కానీ కంపెనీల కాళ్ళు పట్టుకోకుండా చేశారు చూడు, అదే అసలు పంక్" అన్నాడు.

రెండోవాడు ఏజెన్సీ తరఫున వచ్చే కుర్రాడు, సెయింట్ ఆల్బన్స్ వాడే. యాభైమంది కూడా పట్టని గదుల్లో వాళ్ళు వాయించినప్పటినుంచి చూస్తున్నాడట. "ఆల్బమ్‌లో సగం పాటలు మాకు పాతవే. ముందు రికార్డింగుల్లో ఉన్న గరుకుదనం ఇందులో పోయింది, మరీ నున్నగా చేశారు" అని వాపోయాడు. మరి కొన్నావా అంటే, విడుదలైన రోజే కొన్నానన్నాడు! తన ఊరి చెరువు సినిమాలో కనపడితే మనిషికి గర్వమూ, ఇక అది తన ఒక్కడిదే కాదన్న దిగులూ ఒకేసారి వస్తాయే, అలా ఉంది వాడి బాధ.

మూడో ఆమె ప్యాకింగులో పనిచేసే పోలండ్ అమ్మాయి. ఆమెకు ఇష్టం ట్రాన్స్ సంగీతం. "కీబోర్డు మొదలవగానే బావుందనుకుంటాను, ఇంతలో కేక వేసి చెడగొడతారు" అంది. ఫోర్క్‌లిఫ్ట్ ఆయనకు చేదైంది ఈమెకు తీపి, ఆయనకు తీపైంది ఈమెకు చేదు. అయినా షిఫ్టు అయ్యాక బస్సులో నిద్రపోయి స్టాపు దాటిపోకుండా అదే పెట్టుకుంటుందట.

నాలుగో ఆమె క్యాంటీన్‌లో టీ ఇచ్చేది. ఆమె ఆల్బమ్ గురించి ఏమీ చెప్పలేదు. కొడుకు గురించి చెప్పింది. భర్త ఇల్లు వదిలి వెళ్ళాక పిల్లాడు ఆర్నెల్లు సరిగా మాట్లాడలేదట. ఇలాంటి పాటలు వినే నలుగురు స్నేహితులు దొరికాక మళ్ళీ నోరు తెరిచాడట. "ఒకసారి భయపడి వాడి వెంట వెళ్ళాను. అందరూ ఒకర్నొకరు తోసుకుంటున్నారు, నా గుండె ఆగిపోయింది. ఇంతలో ఒక పిల్ల కిందపడింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా ఆగి, చేతులు పట్టి పైకి లేపారు. అది వాళ్ళ పద్ధతట. అప్పట్నుంచి నేనే టికెట్ కొనిస్తున్నా" అంది.

ఇలా నలుగురి అభిప్రాయాలూ విన్నాను. ఇంటికి తీసుకెళ్ళింది మాత్రం నాకు పనికొచ్చే ముక్కల్నే. "కీబోర్డు దండగట. పాత పాటల్నే నున్నగా చేసి మళ్ళీ అమ్ముతున్నారట. మీ ఇంగ్లీషువాళ్ళే అంటున్నారు" అన్నాను. సొంత లేబుల్ సంగతి దాచాను. క్యాంటీన్ ఆమె మాటలు పూర్తిగా దాచాను. వారం తర్వాత వాడు స్నేహితులతో వాళ్ళ ప్రోగ్రాంకి వెళ్తానని అడిగితే ఆ దాచిన మాటలు గుర్తొచ్చాయి కూడా. అయినా వద్దన్నాను. సి.డి. తీసి బీరువా మీద పెట్టాను.

వాడు గొడవ చేయలేదు. హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాడు. ఇల్లు ప్రశాంతంగా ఉంది, నాకు మంచి నిద్ర. పరీక్షలు బాగా రాశాడు, యూనివర్సిటీకి వెళ్ళాడు, లండన్లో ఉద్యోగం వచ్చింది. నేను గెలిచాననే అనుకున్నాను. కానీ ఆ తర్వాత వాడు "డాడీ, ఇది విను" అని నన్నెప్పుడూ పిలవలేదు. పాటే కాదు, ఏదీ వినమనలేదు. ఫోన్ చేస్తే అన్నం తిన్నావా, తిన్నా, ఆఫీసు ఎలా ఉంది, బానే ఉంది. అంతే.

2017 మేలో, హాట్‌ఫీల్డ్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీ ఆవరణలో స్లామ్ డంక్ సంగీతోత్సవం జరిగింది. ఆల్బమ్‌కి పదేళ్ళు నిండాయని ఎంటర్ షికారి ఆ పాటలు పాడుతోంది. మావాడు, అప్పటికి పాతికేళ్ళవాడు, లండన్నుంచి వచ్చి, రాత్రికి కారులో తీసుకెళ్ళమని మాత్రం అడిగాడు.

నేను ముందే వెళ్ళి పక్క వీధిలో కారాపి, అద్దం దించి కూర్చున్నాను. 'సారీ, యూ ఆర్ నాట్ ఎ విన్నర్' అని వాళ్ళ పాట ఒకటుంది. అందులో ఒకచోట వాయిద్యాలు తప్పుకుని మూడు చప్పట్లు వస్తాయి. వాడి గదిలోంచి అవి వందసార్లు విని ఉంటాను. ఆ రాత్రి అంత దూరంనుంచి, వేల చేతులు ఒకేసారి కొట్టిన ఆ మూడు చప్పట్లు వినపడ్డాయి. ఆ చేతుల్లో రెండు మావాడివి. పదేళ్ళ కిందట తలుపు అవతల ఒంటరిగా కొట్టినవీ అవే చేతులు.

వాడు వచ్చి కూర్చున్నాడు. గొంతు పూర్తిగా పోయింది. నేను బండి తీయకుండానే ఆ రాత్రి వేర్‌హౌస్‌లో నలుగురూ చెప్పింది మొత్తం, దాచినవాటితో సహా చెప్పేశాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. రౌండెబౌట్ దాటాక అడిగాడు, "ఆ క్యాంటీన్ ఆంటీ కొడుకు ఇప్పుడెలా ఉన్నాడు?"

తెలియదన్నాను. ఆ వేర్‌హౌస్ నేను 2009లోనే మానేశాను. ఆమెను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇంటికెళ్ళాక బీరువా మీద వెతికాను. దుమ్ము పట్టి అక్కడే ఉంది. ఇద్దరం కారులోనే కూర్చుని మొదటినుంచి చివరిదాకా విన్నాం. పదిహేడు ట్రాకులు, వాటిలో కొన్ని పాటల మధ్య వచ్చే చిన్న ముక్కలు. గంటకు కొంచెం తక్కువ. చివర్లో 'అడ్యూ' అనే పాట గిటారుతో నెమ్మదిగా మొదలవుతుంది, అది నాకు నచ్చింది. చప్పట్ల పాటా నచ్చింది. కేకలు మాత్రం ఇప్పటికీ నచ్చలేదు. కీబోర్డు విషయంలో ఫోర్క్‌లిఫ్ట్ ఆయనది తప్పు, పోలండ్ అమ్మాయిదే ఒప్పు అన్నాను. మావాడు ఒప్పుకోలేదు. ఆ పోయిన గొంతుతోనే అర్ధరాత్రి దాటేదాకా నాతో వాదించాడు. పైనుంచి మా ఆవిడ కిటికీ తెరిచి, "తండ్రీకొడుకులకు ఇద్దరికీ పూనిందా ఏంది?" అని కేకేసింది.

పదేళ్ళు ఆలస్యంగానైనా, విన్నాక చెప్పిన నా ఐదో అభిప్రాయం అది.