ఒక్క కొమ్మ చాలు

సికింద్రాబాద్‌లో పాత ఇళ్లు ఎక్కడున్నాయో తెలుసుకోవాలంటే మారేడుపల్లి సందుల్లో రాత్రిపూట నడవండి. గోడ మీదుగా రోడ్డు మీదకి వంగిన దేవగన్నేరు కనపడకముందే వాసన వస్తుంది. నిజానికి ఆ వాసన మన కోసం కాదు, రాత్రి తిరిగే చిమ్మటల కోసం. పువ్వులో తేనె చుక్క కూడా ఉండదు. తేనె ఉందని ఆశపడి వచ్చిన చిమ్మట, పుప్పొడి మోసి వెళ్లిపోతుంది!

ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. సముద్రాలు దాటొచ్చి మన గుళ్లలో స్థిరపడి, పేరులో ‘దేవ’ కూడా చేర్చుకుంది.

చిన్న జాగాలో ఏడాదంతా చూడదగ్గ చెట్టు ఇది. చలికాలంలో ఆకులు రాల్చేసి జింక కొమ్ముల్లా నిలబడుతుంది. ఎండిపోయిందని నరికేయకండి. ఎండలు ముదిరేసరికి కొమ్మల చివర పూలగుత్తులు వస్తాయి, తర్వాత పొడవాటి ఆకులు. వానల్లో ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు, ఆ ఆకులు తీసేస్తే మంచిది. చలికాలంలోనూ పచ్చగా ఉండాలంటే నర్సరీలో ఆకు కొన చూడండి. కొన గుండ్రంగా ఉండే తెల్లపూల రకం మన వాతావరణంలో చాలావరకు ఆకు నిలుపుకుంటుంది.

మా సందులో ఓ పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు. కూల్చేముందు ఆ ఇంటి పెద్దావిడ చుట్టుపక్కల వాళ్లని పిలిచి తలా ఓ కొమ్మ ఇచ్చారు. ‘‘ఇల్లు ఎటూ ఉండదు బాబూ, చెట్టన్నా ఉండనీ. పాలు కారతాయి, కళ్లకి తగలనివ్వకు’’ అన్నారు నాతో.

నాటడం తేలికే. మూరెడు కొమ్మ కోసి, వారం పాటు నీడలో ఆరనివ్వాలి. ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో నాటి, ఆకులు తొడిగేదాకా నీళ్లు పొదుపుగా పోయాలి. తడి ఎక్కువైతే కుళ్లిపోతుంది. ఐదారు గంటల ఎండ తగిలితే బాల్కనీ కుండీలోనూ పెరుగుతుంది. గింజతో మొలిస్తే పువ్వు రంగు మారొచ్చు. కొమ్మతో వస్తే మాత్రం అచ్చం అదే చెట్టు. మా సాఫ్ట్‌వేర్ భాషలో బ్యాకప్ అన్నమాట. ఆ ఇంటి చోట ఇప్పుడు ఐదంతస్తులు లేచాయి. ఆ చెట్టు మాత్రం మా సందులో నాలుగు బాల్కనీల్లో ఉంది.

కొమ్మ కోయడానికి ఫిబ్రవరి, మార్చి మంచి టైం. మీ వీధిలోనూ అలాంటి ఇల్లుంటే, జేసీబీ రాకముందే గేటు తట్టి అడగండి.