రెండో ఇంజను

బీరువా కింది అరలో, పాత కరెంటు బిల్లుల కట్ట వెనకాల, గులాబీ రంగు ప్లాస్టిక్ కవరులో అది ఇంకా ఉంది. అరచేతికి కొంచెం పెద్దది, మీద ఓ చిన్న ఫ్యాను, ఫ్యాను నడిమధ్య దసరానాడు పెట్టిన కుంకుమబొట్టు ఎండి గోధుమరంగుకి తిరిగిపోయి: జీఫోర్స్ జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు. పారేయాలంటే చెయ్యి రాదు, పెట్టుకుందామంటే ఇంట్లో ఏ యంత్రానికీ దాన్ని దూర్చే చోటు లేదు.

2008లో కొన్న కంప్యూటర్ మాది. కోర్ 2 డుయో, ఇంటెల్ జీ31 బోర్డు, పదిహేడంగుళాల డబ్బా మానిటరు, దానికి అమ్మ పాతచీరతో కుట్టిన ముసుగు. కొత్తవలస జంక్షన్‌కి దగ్గర్లో ఇల్లు కావడంతో బైలదిల్లా ఇనుప ఖనిజం మోసుకుని కిరండూల్ లైన్లోంచి దిగిన గూడ్సు విశాఖ రేవు వైపు పోతున్నప్పుడల్లా కిటికీ ఊచలతోపాటు తెరమీది బొమ్మ కూడా సన్నగా వణికేది. బోర్డులోనే ఉన్న గ్రాఫిక్స్‌కి సొంత మెమొరీ లేదు, ర్యాములోంచి అప్పు తెచ్చుకునేది. అందుకే శాన్ ఆండ్రియాస్ ఆటలో కారు మలుపు తిరిగాక గాని రోడ్డు వచ్చేది కాదు, యూట్యూబులో పాట ఒకచోటా పెదాలొకచోటా ఉండేవి.

2014 దసరాకి ముందు పాసింజరెక్కి, పెందుర్తి మీదుగా విశాఖ వెళ్లి, ద్వారకానగర్లో మెట్ల కింద దుకాణంలో ఈ కార్డు కొన్నాను. ఐదువేలకి కొంచెం తక్కువ. అందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను, ఎన్ని జీబీ అని. రెండంటే మురిసిపోయాను. జీటీ 730 అన్న ఒకే పేరు కింద మూడు రకాల కార్డులు అమ్ముతున్నారనీ, జీబీల కన్నా ఆ మెమొరీ ఎంత వేగందో, దారెంత వెడల్పో చూడాలనీ తర్వాతెప్పుడో తెలిసింది.

నేలమీద పాత పేపరు పరిచి, క్యాబినెట్ పక్కరేకు విప్పితే ముందు వచ్చేది తుమ్ము. ఆరేళ్ల ఎర్రదుమ్ము, బల్లిగుడ్ల పెంకులు, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. పెయింటు బ్రష్షుతో దులిపి, ర్యాము పళ్లని చెల్లి రబ్బరుతో తుడిచి, వెనకనున్న రేకుముక్కని ముందుకీ వెనక్కీ వంచి విరిచి, వేలు తెగితే నోట్లో పెట్టుకుని, కార్డుని పొడుగాటి స్లాటులో అదిమితే టక్కుమంది. ఆన్ చేస్తే తెర నలుపు. అగరొత్తి పట్టుకుని నిలబడ్డ అమ్మ మొహం చూడలేకపోయాను. మానిటరు కేబుల్ పాత మూతికే పెట్టి ఉందని తెలియడానికి గంట పట్టింది. కేబుల్ మార్చగానే తెర వెలిగింది, రైల్వేలో చేసే నాన్న తలుపు దగ్గర్నుంచే అడిగాడు: "ఏట్రా, ఘాటెక్కడానికి గూడ్సుకి ఇంకో ఇంజను తగిలించినట్టా?"

అంతకన్నా బాగా నాకెవరూ చెప్పలేదు. పాట పెదాలమీదికి వచ్చింది, రోడ్డు కారుకన్నా ముందే వచ్చింది. కొత్త ఆటలు మాత్రం కదల్లేదు. "ముందరున్న ఇంజను ముసిల్దే కదరా" అన్నాడు నాన్న.

బొట్టుపెట్టి పదిరోజులు తిరక్కుండానే, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను వచ్చింది. కరెంటు లేని చీకట్లో, తడిగోడకి దూరంగా మంచమ్మీదికెక్కించి కూర్చోబెట్టిన కంప్యూటర్‌కి ఎప్పటికన్నా ఎక్కువ మర్యాద జరిగింది.

అవి మంచిరోజులని అనను. ఎర్తు సరిగ్గాలేక క్యాబినెట్ ముట్టుకుంటే చేయి జిల్లుమనేది, వైరస్ పడితే ఆదివారమంతా విండోస్ ఎక్కించడంతోనే తెల్లారేది, పక్కింటి గుంటలు నలుగురు కుర్చీ చుట్టూ మూగితే చెల్లి పుస్తకం పట్టుకుని వంటింట్లోకి పోయేది. ఇప్పుడెవరి ఫోను వాళ్లది, దేన్నీ విప్పక్కర్లేదు, విప్పడానికీ లేదు. పోయిందల్లా మూత తీస్తే కనపడే ఆ ఖాళీ స్లాటే, పాతదానికి కూడా ఇంకొంచెం కలపొచ్చునని అదొక్కటే చెబుతూండేది.

తర్వాత పాత ఇనుప సామాన్లవాడు క్యాబినెట్‌ని కిలోలెక్కన తూచి పట్టుకుపోయాడు. కార్డొక్కటీ ముందురాత్రే విప్పి దాచుకున్నాను. దానికి పెట్టిన డబ్బులో సగం, రాత్రి తొమ్మిది దాటాక కుర్చీ ఖాళీ అయితే కూర్చుని, పేజ్‌మేకర్లో అనూ ఫాంట్లతో పెళ్లికార్డులు టైపుచేసి చెల్లి సంపాదించిందే. ఆ అక్షరాలకి కొత్త కార్డు వచ్చినా రాకపోయినా ఒక్కటే. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు బీరువాలో కవరు చూసి నవ్వింది, బొట్టు గోటితో గీకి చూసింది, తర్వాత అడిగింది.

"అన్నియ్యా, నా కీబోర్డేదీ?"